పచ్చ వలయంలో నలుగురు ఉండాల్సిందే

ప్రశ్న: గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆట రోజుకో గంట ఆడతాను. తీరిగ్గా ఆడుకునే ఆటలో పది మంది జట్టుగా బాస్‌లనే పెద్ద శత్రువులతో తలపడే ఇంత కష్టమైన రెయిడ్లు ఎందుకండీ? తీసేస్తే పోదా?

జవాబు: తీసేయకూడదనే మా అభిప్రాయం. 2015లో రెయిడ్లు వచ్చాక కూడా గరిష్ఠ లెవెల్ 80 దాటలేదు, పాత గేర్ (ఆయుధాలు, కవచాలు) చెల్లకుండా పోలేదు. అసలు పేచీ కష్టంతో కాదు, బహుమతితో. రాక్షసులతో పోరాడేవాళ్లకు లెజెండరీ (అత్యున్నత శ్రేణి) కవచం ఏళ్ల తరబడి రెయిడ్లలోనే దొరికేది. అది అన్యాయమే. 2023 విస్తరణ తర్వాత బయటి మ్యాపుల్లో ఆడి సంపాదించే సెట్ కూడా వచ్చింది.

ఒక్కసారి ప్రయత్నించి చూడండి. మొదటి బాస్ వేల్ గార్డియన్. 10 మంది, 8 నిమిషాల గడువు. జట్లు ఎక్కువగా కుప్పకూలేది పచ్చ వలయం దగ్గర. అది పేలేలోపు నలుగురు లోపల ఉండాలి. ముగ్గురే చేరితే అందరికీ 80 శాతం ప్రాణం ఒక్క దెబ్బకు పోతుంది, హీలర్ (జట్టు ప్రాణం నింపే ఆటగాడు) తేరుకునేలోగా ఇంకో దెబ్బ పడుతుంది. అందుకే ఆ నలుగురినీ, అదనంగా ఒకరినీ ముందే అనుకోండి. కాళ్ల కింద నీలి వలయం కనబడగానే పక్కకు జరగాలి; లేదంటే ఎక్కడికో విసిరేస్తుంది, పచ్చ వలయంలో లెక్క తప్పుతుంది. బాస్ మూడుగా చీలినప్పుడు ఎర్రదానిమీద మంట, విషం, రక్తస్రావం లాంటివే పనిచేస్తాయి, నేరుగా కొట్టే దెబ్బలు పనిచేయవు. అలాంటి బిల్డ్‌లు (గేర్, నైపుణ్యాల కూర్పులు) లేకుండా వెళ్లొద్దు.

2022 నుంచి వారానికో రెయిడ్ వింగ్‌కు (రెయిడ్లలో ఒక్కో భాగం) సులభ పద్ధతి ఉంది. ఓడేకొద్దీ మీ బలం, ప్రాణం పెరుగుతాయి. అక్కడ మొదలుపెట్టండి.