టీకాల బొమ్మలు గీసే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. వీధిలోని అంగన్‌వాడీ గోడ మీద టీకాల బొమ్మలు గీసింది. అప్పటి నుంచి బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) చదువుతానంటోంది. మేం నర్సింగ్ అనుకున్నాం. బొమ్మలతో బతుకు గడుస్తుందా? టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: అయ్యా, ముందు మీరు ఆ గోడ దగ్గరికి వెళ్లి, పాప ఏం గీసిందో నిదానంగా చూడండి.

పసిబిడ్డకు ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావలెంట్ టీకా ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడుసార్లు వేయించాలి. సూది వేసిన రాత్రి జ్వరం రావచ్చు, తొడ వాయవచ్చు. 'బాగున్న బిడ్డకు జ్వరం తెచ్చిపెట్టారే' అని ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క మాటంటే చాలు, ఆ తల్లి రెండో డోసుకు రాదు. 'టీకాలు వేయించండి' అని పెద్దక్షరాలతో రాసిన పోస్టరు ఆ భయాన్ని తీర్చలేదు. జ్వరంతో ఏడుస్తున్న బిడ్డ, ఏఎన్‌ఎం (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) చెప్పిన మందు పడుతున్న తల్లి, రెండు రోజులకు మళ్లీ ఆడుకుంటున్న బిడ్డ, ఇలా వరుసగా గీస్తే తీరుతుంది. జ్వరం తగ్గకపోతే ఎక్కడికి వెళ్లాలో కూడా గీయాలి. ఇది తెలిసి గీసేవాళ్లు మనకు చాలా అవసరం.

ఈ పనికి పాత చరిత్రే ఉంది. ఇంగ్లండ్ వైద్యుడు జెన్నర్ 1796లో మశూచికి టీకా కనిపెట్టాడు. 1805లో థామస్ హికీ అనే చిత్రకారుడు మైసూరు రాణుల చిత్రం వేశాడు. అందులో ఒక రాణి చీర పక్కకు జరిపి చేయి చూపిస్తుంది. టీకా వేసిన చోటు అందరికీ చూపడానికే అలా వేయించారని కొందరు చరిత్రకారులు అంటారు.

ఉన్నమాట చెబుతాను. టీకాల బొమ్మలొక్కటే గీసి బతికే ఉద్యోగాలు తక్కువ. అందుకే బీఎఫ్‌ఏలో అప్లైడ్ ఆర్ట్స్ గానీ యానిమేషన్ గానీ తీసుకోమనండి. ప్రకటనలు, పాఠ్యపుస్తకాలు, వైద్య యానిమేషన్, యునిసెఫ్ లాంటి సంస్థల ఆరోగ్య ప్రచారం, ఎటైనా వెళ్లవచ్చు. కడపలోనే 2020లో పెట్టిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. నాలుగేళ్ల కోర్సు, ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ చదవాలంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. బైపీసీ చదువు వృథా అని మాత్రం అనుకోకండి. రోగనిరోధక శక్తి ఎలా పనిచేస్తుందో తెలిసి గీసే చేయికి విలువ ఎక్కువ. రోగుల దగ్గర పనిచేయడం పాపకు ఇష్టమైతేనే నర్సింగ్, బలవంతంగా వద్దు.

వీలైతే ఒకసారి ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు తీసుకెళ్లండి. తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఆ ఊరి కళకే. చదువు రాని వాళ్లకు కూడా బొమ్మతో కథ ఎలా చెబుతారో పాప కళ్లారా చూడాలి.

ఈలోగా ఒక పని చేయమనండి. టీకాలు వేసే రోజు ఏఎన్‌ఎం గారి అనుమతితో ఐదుగురు తల్లులకు తన బొమ్మ చూపించి, 'ఇందులో ఏం జరుగుతోందక్కా?' అని అడగాలి. తను అనుకున్నది వాళ్లు చెప్పకపోతే బొమ్మ మార్చాలి. పాత బొమ్మనూ మార్చిన బొమ్మనూ పక్కపక్కనే పోర్ట్‌ఫోలియోలో (తను గీసిన బొమ్మల సంకలనంలో) పెట్టుకోవాలి.