పాత పుస్తకంలో తిట్లుంటే ఏం చేయాలి?

ప్రశ్న: పాత శతక పద్యాలు, కొన్ని అనువాద నవలలు హైస్కూలు పిల్లల కోసం మళ్ళీ అచ్చు వేయిస్తున్నాం. వాటిలో కులం పేరుతో తిట్లు, ఆడవాళ్ళను చులకన చేసే మాటలు ఉన్నాయి. వాటిని మార్చేస్తే తప్పా?

జవాబు: మార్చకండి. పిల్లలకు వద్దనుకున్న పద్యాన్ని మొత్తంగా వదిలేయండి, వదిలేశామని ముందుమాటలో చెప్పండి. ఏరి కూర్చడం సంపాదకుడి హక్కు. కవి అనని మాటను కవి పేరుతో అచ్చు వేసే హక్కు ఎవరికీ లేదు.

పైగా పద్యంలో మాట మార్చడం అనుకున్నంత తేలిక కాదు. ఆటవెలదినే చూడండి. దాని పాదాలు గణాలతో, అంటే గురులఘువుల గుంపులతో, నడుస్తాయి. బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదంలో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. తిట్టు సరిగ్గా అక్కడ పడిందనుకోండి, బదులుగా పెట్టిన మెత్తటి మాటకు యతి కుదరదు. దాన్ని కుదర్చడానికి పాదం మొదటి మాటా మార్చాలి. అప్పటికి పద్యం సగం మీదైపోతుంది.

వచనంలో చిక్కు వేరు. ఆ మాట అంటున్నది రచయితా, పాత్రా? మార్క్ ట్వేన్ నవల 'హకల్‌బెరీ ఫిన్'లో నల్లవాళ్ళను అవమానించే మాట రెండు వందలకు పైగా చోట్ల వస్తుంది. 2011లో అమెరికాలో వచ్చిన ఒక ప్రచురణ దాన్ని 'బానిస' అని మార్చింది. కానీ కథ చెప్పే కుర్రాడు హక్ తండ్రి తాగి తిట్టిపోసేది బానిసను కాదు. స్వేచ్ఛ, చదువు, ఓటు ఉన్న ఒక ప్రొఫెసర్‌ను. ఆ మాట తాగుబోతు నోట రావడంలోనే ట్వేన్ చురక ఉంది.

రచయితే మార్చుకుంటే పేచీ లేదు. పిల్లల నవల 'చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ'లో ఫ్యాక్టరీ పనివాళ్ళయిన ఊంపా లూంపాలను రోల్డ్ డాల్ మొదట ఆఫ్రికా పిగ్మీలుగా రాశాడు. విమర్శలొచ్చాక 1973 కూర్పులో తానే మార్చాడు.

ఇక మీ పని. ముందు ఆధార ప్రతిని తేల్చుకోండి. రచయిత బతికుండగా వచ్చిన చివరి కూర్పయితే మేలు. అది ఏ సంవత్సరపు కూర్పో పేరుపేజీ వెనక వేయండి. తిట్టు ఉన్న పేజీలోనే, అడుగున, అది ఎవరిని ఎందుకు అనేవారో రెండు మూడు వరుసల్లో రాయండి. పుస్తకం చివర పెడితే పిల్లలు తిప్పి చూడరు. అక్షరాలు తీసి చుక్కలు పెట్టడం మాత్రం అన్నిటికన్నా చేటు. క్లాసంతా చుక్కలు పూరించే పనిలో పడుతుంది.

ప్రశ్న: నా దగ్గరున్న ప్రతిలో కత్తిరింపులు జరిగాయో లేదో తెలిసేదెలా?

జవాబు: పేరుపేజీ వెనక 'సంక్షిప్తం', 'పరిష్కృతం' అన్న మాటలున్నాయేమో చూడండి. 'పునర్ముద్రణ' అని ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. పద్యాల సంఖ్య, అధ్యాయాల సంఖ్య పాత ప్రతితో సరిపోల్చండి. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' అచ్చు ప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయని గాయని బెంగుళూరు నాగరత్నమ్మకు తెలిసింది రాతప్రతి దొరకబట్టే. ఆమె 1910లో పూర్తి పాఠం వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది; 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. ఈ-పుస్తకాలకైతే ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపి ఉంచండి. లేకపోతే మీరు కొన్న పాఠం మీకు తెలియకుండానే మారిపోవచ్చు.