“మీ దేవుడు రొయ్యల కౌంట్ కూడా చూస్తాడా?”

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. వయసు 34. రొయ్యలు కొనే ఓనర్ దగ్గర, చెరువుల మీద కౌంట్ తీసే పని, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో లెక్కపెట్టే పని చేస్తున్నాను. మూడేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్నాను. అప్పటి నుంచి అన్నయ్యతో సరిగా మాటల్లేవు, ఆ ఇంటికి వెళ్లడం కూడా తగ్గింది. అమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. సువార్త చెప్పాలని ఉంటుంది గానీ నోరు పెగలదు. ఈ మధ్య ఓనర్ చెప్పాడని ఒక రైతు చెరువు దగ్గర శాంపిల్‌లో చిన్న రొయ్యలు ఎక్కువ పడేలా తీశాను. అది తెలిసి అన్నయ్య, “మీ దేవుడు రొయ్యల కౌంట్ కూడా చూస్తాడా?” అన్నాడు. అప్పటి నుంచి నిద్ర లేదు. వాక్యం చెప్పడంలో ట్రైనింగ్ తీసుకుంటే ధైర్యం వస్తుందా?

జవాబు: చూస్తాడు తమ్ముడూ. సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదలయ్యేదే దొంగ త్రాసు మాటతో. మీకు నిద్ర పట్టకపోవడం మంచి సూచన అనే నేను అనుకుంటున్నాను.

చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి రోజు మీకు తెలియనిది కాదు. బుట్టలోంచి కిలో తూచి లెక్కపెడతారు. 40 రావలసినచోట 44 వచ్చిందంటే రొయ్య చిన్నదని ధర పడిపోతుంది. కిలోకు పది రూపాయలే తగ్గిందనుకుందాం, రెండు టన్నులకు 20,000. మేత అప్పు, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు బిల్లు, వైట్‌స్పాట్ రోగం టెన్షన్, అన్నీ దాటుకొచ్చిన ఆ రైతు గట్టు మీద నిలబడి మీ వేళ్ల వంకే చూస్తుంటాడు. మీరు ఆదివారం ఎక్కడికి వెళ్తారో ఊరందరికీ తెలుసు. ఆ పూట అతను చదివే బైబిలు మీ వేళ్లే.

అందుకే ట్రైనింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రైతు దగ్గరికి ఒంటరిగా వెళ్లండి. జరిగింది దాచకుండా చెప్పండి. నష్టం ఎంతో ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి, నెలకు ఇంతని కట్టండి. బైబిల్లో సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మీరు ఉన్నది ఉన్నట్టు తిరిగిచ్చినా చాలు. అతను కోప్పడితే పడండి. అప్పుడు దేవుడి మాట ఎత్తకండి, క్షమాపణ ఒక్కటే అడగండి.

ఇక ఓనర్. వచ్చే పట్టుబడికి ముందే చెప్పండి: “శాంపిల్ రైతు చేతే తీయిస్తాను, లెక్క ఆయన ముందే పెడతాను.” ఉద్యోగం పోవచ్చు. పోదని నేను మాట ఇవ్వలేను. కాబట్టి ఈ రాత్రే మీ భార్యతో మాట్లాడండి, రెండు మూడు నెలల ఇంటిఖర్చు ఎలా గడుస్తుందో ఇద్దరూ చూసుకోండి. ఆమెకు చెప్పకుండా తీసుకునే నిర్ణయం ఎంత మంచిదైనా ఇంట్లో గొడవే తెస్తుంది.

నోరు పెగలదని దిగులు పడకండి. మీ నరసాపురంలోనే సేవ చేసిన ఇంగ్లీషు మిషనరీలు బౌడెన్, బీర్ 1836లో ఇండియాకు వచ్చారు. ఒకరు తాపీ మేస్త్రీ, ఇంకొకరు చెప్పులు కుట్టే మనిషి. వాళ్లు కూడా మన భాష ఓనమాల దగ్గర నుంచి నేర్చుకున్నవాళ్లే.

అమ్మ విషయంలో మాత్రం నాకు నిజంగా బాధ కలిగింది. తల్లిని సన్మానించమన్న ఆజ్ఞ, అన్నయ్యతో మాటల్లేవని ఆగదు కదా. వారానికి ఒకసారైనా వెళ్లండి. ఆవిడ మందులు, ఆస్పత్రికి తిప్పడం మీరూ పంచుకుంటానని వదినగారితో చెప్పండి. ఇన్నాళ్లూ ఆ బరువు మోసింది వదినగారే. ఆ ఇంట్లో పూజ జరుగుతుంటే మౌనంగా, మర్యాదగా ఉండండి. అమ్మకు అన్నం పెడుతూ వాక్యం చెప్పకండి.

అన్నయ్య ఏదో ఒకరోజు అడగవచ్చు, “డబ్బు ఎందుకు తిరిగిచ్చావురా?” అని. అడిగితే మీకు వచ్చిన రెండు మాటల్లోనే చెప్పండి. సాత్వికంగా జవాబు చెప్పమన్నాడు యేసు శిష్యుడు పేతురు, అనర్గళంగా చెప్పమనలేదు. అడగకపోతే, అమ్మ పక్కన కాసేపు కూర్చుని వచ్చేయండి.

రైతు దగ్గరికి వెళ్లొచ్చాక ఆయన ఏమన్నారో నాకు రాయండి.