దిద్దడానికి ఒరవడి కావాలి

సందేహం: ప్లాస్టిక్ కిట్లతో సైన్స్ ఫిక్షన్ అంతరిక్ష నౌకలు కడుతుంటాను. ఈమధ్య కట్టిన, ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ టీవీ సీరియల్‌లోని ఎంటర్‌ప్రైజ్ ఓడ కిట్‌లో పళ్లెంలాంటి ముందుభాగం అంచు మరీ మందంగా ఉంది. ఫొటోలు చూసుకుంటూ అరగదీసి, పల్లాల్లో పుట్టీ పెట్టి దారికి తెచ్చాను. ‘ఆకారం సవరించాను’ అని రాస్తే, ‘సరిదిద్దాను’ అనాలన్నాడు మిత్రుడు. ఏది సరైనది? అసలు లేని ఓడ ఆకారంలో ‘తప్పు’ ఉందనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడి మాటే నాకు నచ్చింది. సవరించడమంటే ఉన్నదాన్ని కాస్త అటూ ఇటూ చేసి పొందికగా పెట్టడం. రేగిన జుట్టు సవరించుకుంటాం, మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకుంటాం. దేన్నో ఎదురుగా పెట్టుకుని పోల్చి చూడాల్సిన అవసరం అక్కడ లేదు. దిద్దడం అలా కాదు. పెద్దవాళ్లు పలక మీద రాసిచ్చిన ‘అ’ మీదే పిల్లలు మళ్లీ మళ్లీ బలపం తిప్పుతారు. గీత పక్కకు పోతే ఆ ‘అ’ను చూసే వెనక్కి తెచ్చుకుంటారు. అలా రాసిచ్చినదే ఒరవడి. ఫొటోలు పక్కన పెట్టుకుని, ఉప్పుకాగితంతో కొంచెం రుద్ది, ఆగి చూసి, మళ్లీ రుద్దుతూ మీరు చేసిందీ అదే. (సాండ్‌పేపర్‌కు ‘ఉప్పుకాగితం’ అనే మాట నాకెంతో ఇష్టం. పలికితేనే గరుకు చేతికి తగులుతుంది.) ‘సరి’ అంటే సమానం. ఒరవడితో సమానమయ్యేదాకా దిద్దితే అది సరిదిద్దడం.

రెండో ప్రశ్న ఇంకా బాగుంది. ఓడ లేదు గానీ, ఒరవడి ఉంది. ఆ సీరియల్ చిత్రీకరణ కోసం 1964లో దాదాపు 3 అడుగుల బొమ్మ ఒకటి, 11 అడుగులది ఒకటి చేశారు. పెద్దది నేటికీ అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వారి విమాన, అంతరిక్ష మ్యూజియంలో ఉంది. చిక్కేమిటంటే ఆ రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. అందుకే ‘తప్పు’ అనే ముందు ‘11 అడుగుల బొమ్మతో పోలిస్తే’ అని ఒక్క ముక్క చేర్చండి, చదివేవారికి అనుమానం రాదు. 1/350 స్కేలులో ఒక మిల్లీమీటరు ఎక్కువైతే ఓడలో 35 సెంటీమీటర్లు పెరిగినట్టే. దాన్ని తప్పనడం అతి కాదు.

అలాగని ‘సవరించు’ను పక్కన పడేయకండి. డికాల్ (ఓడ మీద తడిపి అంటించే గుర్తు) వంకరగా పడితే, ఆరకముందే వేలితో మెల్లగా జరుపుతారు కదా, అది సవరించడమే.

‘నమూనా’ను మాత్రం ఇక్కడ వాడకపోతేనే మేలు. చూసి చేయాల్సిందీ నమూనాయే, చూసి చేసిందీ నమూనాయే. ‘నమూనా చూసి నమూనాను సరిదిద్దాను’ అంటే ఏది దేనికి ఒరవడో తెలియదు. మీరు కట్టినదాన్ని కిట్ అనే అనండి.