పది కాలాల పాటు ఉండే వాచీ, చేత్తో కుట్టిన బెల్టు

ప్రశ్న: రోడ్డు పనుల్లో సైట్ ఇంజనీరుగా చేస్తున్నాను. రోజంతా దుమ్ము, ఎండ, చెమట. సెల్లు వాచీ వద్దు, మెకానికల్ వాచీయే కావాలి. పెద్ద కంపెనీలవి కాకుండా చిన్న స్వతంత్ర కంపెనీలు చేసే మొరటు వాచీలు ఎంతవరకు నమ్మొచ్చు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

నిశ్చింతగా నమ్మొచ్చు. కాకపోతే కొనే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి, పదేళ్ల తర్వాత దాన్ని ఎవరు విప్పుతారు? చిన్న కంపెనీకి మన ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉండదు, కంపెనీయే మూతపడినా పడొచ్చు, అందుకే డయల్ కంటే ముందు లోపల ఏ మిషన్ వేశారో అడగాలి. జపాన్ సీకో వాళ్ల ఎన్‌హెచ్35, మియోటా 9015, స్విస్ సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200, ఈ మూడింట్లో ఏదున్నా భయం లేదు. సెల్లిటాను ఈటీఏ 2824 అనే పాత మిషన్ నమూనా మీదే కట్టారు కాబట్టి స్విస్ వాచీలు విప్పిన అనుభవం ఉన్న రిపేరర్‌కి అది కొత్త కాదు. ఎన్‌హెచ్35 అయితే ఎంత చవకంటే, పాడైతే మిషన్ మొత్తం మార్చేసుకోవచ్చు. కానీ దాని నుంచి రైల్వే టైము ఆశించకండి, రోజుకు 20 సెకన్లు వెనకబడినా 40 సెకన్లు ముందుకెళ్లినా మామూలేనని తయారీదారే చెబుతాడు. మీ పనికి అది చాలు.

స్వతంత్ర కంపెనీల్లో నాకు బాగా గౌరవం ఉన్నది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన సిన్. హెల్ముట్ సిన్ అనే పైలట్, విమానం నడపడం నేర్పే ఆయన, 1961లో మొదలుపెట్టాడు. దుకాణాల కమీషన్ లేకుండా నేరుగా కొనేవాళ్లకే అమ్మేవాడు, ఆ డబ్బు వాచీలో కనిపించేది. 1985లో జర్మన్ వ్యోమగామి రైన్‌హార్డ్ ఫుర్రర్ సిన్ వాచీ పెట్టుకునే అంతరిక్షానికి వెళ్లాడు. 1994లో లోథార్ ష్మిట్ అనే ఇంజనీరు చేతికొచ్చాక ఆ కంపెనీ అసలు దారి పట్టిందని నా అభిప్రాయం. మామూలు స్టీలు గట్టిదనం 220 వికర్స్ దగ్గర ఉంటే, వీళ్లు పైపొరను 1200 వికర్స్ దాకా గట్టిపరుస్తారు, గీతలు అంత తేలిగ్గా పడవు. నాకు మరీ నచ్చింది ఇంకొకటి. కొన్ని మోడళ్లలో కేసు లోపల చిన్న గొట్టంలో మైలుతుత్తం పెడతారు, మన రైతులు సున్నంతో కలిపి తోటలకు కొట్టే మైలుతుత్తమే. లోపలికి చేరిన తేమను అది పీల్చుకుంటుంది, పీల్చుకున్న కొద్దీ లేత రంగు నుంచి ముదురు నీలానికి మారుతుంది. గొట్టం బాగా నీలంగా కనిపిస్తే సర్వీసుకు వేళయిందని అర్థం. ఎవరో చెప్పక్కర్లేదు, వాచీయే చెబుతుంది.

సిన్ ధర ఎక్కువనిపిస్తే మన దేశంలోనే చూడండి. నిరుపేష్ జోషి, మెర్సీ అమల్‌రాజ్ దంపతులు 2018లో పెట్టిన బెంగళూరు వాచ్ కంపెనీ ఉంది. మన వాయుసేన మిగ్-21 విమానం స్ఫూర్తితో వాళ్లు చేసిన మాక్ 1 చూడదగ్గది. మాట్లాడాలంటే మనుషులు దొరికేంత దగ్గర్లో ఉండటం నా దృష్టిలో పెద్ద లాభం.

మీ పనికి స్క్రూలాగా తిప్పి బిగించే కీ ఉన్నది తీసుకోండి, దుమ్ము, నీళ్లు ముందు దూరేది అక్కడే. అద్దం గీతలు తేలిగ్గా పడని సఫైర్ రకం అయ్యుండాలి. '50 మీటర్లు' అని రాసి ఉన్నంత మాత్రాన అది ఈతకు కాదు, చేతులు కడుక్కోవడానికి, వానకు సరిపోతుందనుకోండి, 200 మీటర్లయితే దిగులుండదు. ఇంకో ముఖ్యమైన మాట, కాంక్రీటు బ్రేకర్ పట్టుకున్నప్పుడు మాత్రం వాచీ తీసి జేబులో పెట్టేయండి. లోపల అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొన దాదాపు వెంట్రుకంత సన్నం. ఆ కొన ఆనే బుల్లి రాయిని (జ్యువెల్ అంటారు) చిన్న స్ప్రింగు పట్టుకుని ఉంటుంది, చెయ్యి గోడకు తగిలినప్పటి దెబ్బను అది ఆపుతుంది. నిమిషాల తరబడి అదిరే అదురును ఆపడానికి దాన్ని చేయలేదు.

ప్రశ్న: చేత్తో కుట్టిన లెదర్ బెల్టుకు వాచీ ధరలో సగం అడుగుతున్నారు. అంత ఇవ్వాలా? అది నిజంగా చేతిపనేనని ఎలా తెలుస్తుంది? మా ఊరి ఉక్కపోతకు నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఇవ్వొచ్చు, అయితే చూసి ఇవ్వండి. ముందు కుట్టు చూడండి. చేతికుట్టులో ఒకే దారానికి రెండు కొసల్లో రెండు సూదులుంటాయి, ప్రతి రంధ్రంలోంచి రెండూ ఎదురెదురుగా వెళతాయి. అందుకే ఒకచోట దారం తెగినా మిగతాది పట్టుకునే ఉంటుంది. కుట్టుమిషన్‌లో పై దారం, కింది దారం ఒకదానికొకటి కొక్కెం పడతాయి, ఒకటి తెగిందంటే వరసగా ఊడొస్తుంది. చేతికుట్టు కాస్త వాలుగా కూడా కనిపిస్తుంది. తర్వాత అంచు. మంచి పనివాళ్లు అంచును చెక్కి, తడిపి, మైనం పెట్టి నున్నగా మెరిసేదాకా రుద్దుతారు, ఈ రుద్దుడుకే ఎక్కువ టైము పోతుంది, ధరలో చాలా భాగం అదే. హడావిడిగా చేసింది అయితే అంచుకు రంగు పూసి వదిలేస్తారు, కొన్ని నెలలకు పెచ్చులు లేస్తుంది.

ఇక తోలు. క్రోమ్ ఉప్పుతో పదును చేసింది మెత్తగా ఉంటుంది, తడికి ఓర్చుకుంటుంది, కానీ వాడిన కొద్దీ అందం పెరగదు. చెట్ల బెరడుతో పదును చేసింది మొదట్లో బిరుసుగా ఉండి, నెలలు గడిచేకొద్దీ మణికట్టు ఆకారానికి వంగి రంగు ముదురుతుంది. దక్షిణాదిలో ఈ పని పాతది. మనం బతుకమ్మలో పేర్చే తంగేడు ఉంది కదా, తెలంగాణ రాష్ట్ర పుష్పం, దాని బెరడుతోనే తరాల పాటు తోళ్లు పదును చేశారు, చివర్లో కరక్కాయ వేసేవారు. తమిళనాడులో ఆ పద్ధతి తోలుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బయటి దేశాల పనివాళ్లు షికాగోలోని హార్వీన్ వాళ్ల గుర్రపు తోలు, కార్డోవన్ అంటారే, దాన్ని గొప్పగా చెబుతారు. అది తయారవడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది, బాగుంటుంది, కాదనను. కానీ మొదటి బెల్టుకు అంత దూరం వెళ్లక్కర్లేదు, మన దగ్గర బెరడుతో పదును చేసిన మంచి ఆవు తోలుతో మొదలుపెట్టండి.

విశాఖ గాలికి మాత్రం ఒకే బెల్టు రోజూ వాడితే ఎంత మంచి తోలైనా కుళ్లిపోతుంది. రెండు పెట్టుకుని మార్చి మార్చి వాడండి. చెమట పట్టినదాన్ని పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే బీటలు వారుతుంది. కొబ్బరినూనె రాయమని చాలామంది చెబుతారు, వద్దు. తోలు వదులైపోయి మురికి పడుతుంది. వానాకాలం రాగానే లెదర్ తీసి బీరువాలో కాకుండా గాలి తగిలేచోట పెట్టి, రబ్బరుదో నైలాన్‌దో వేసుకోండి. చేయించేటప్పుడు చర్మానికి తగిలే లోపలి పొరను మాత్రం తడికి ఓర్చుకునే క్రోమ్ తోలుతో వేయమని అడగండి.

మొరటుగా వాడే వాచీకి తోలు కంటే ముందు తెగేది బెల్టును వాచీకి పట్టి ఉంచే పిన్ను. బ్రిటన్ రక్షణ శాఖ 1973లో తన సైనికులకు నైలాన్ బెల్టు ఖరారు చేసినప్పుడు అది రెండు పిన్నుల కిందుగా వాచీ అడుగు నుంచి వెళ్లేలా పెట్టింది. ఒక పిన్ను ఊడినా వాచీ కింద పడదు. లెదర్‌లో కూడా ఇలాంటి ఒకే ముక్క బెల్టు చేయించుకోవచ్చు. కాస్త ఎత్తుగా కూర్చుంటుంది, అందం ఒక మెట్టు తగ్గుతుంది, భద్రత మాత్రం బాగా పెరుగుతుంది.

ప్రశ్న: తాతగారి హెచ్ఎంటీ పైలట్ ఉంది. కీ ఇస్తే నడుస్తోంది. కొత్త డయల్, మంచి బెల్టు వేయిద్దామనుకుంటున్నాను. సరేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

బెల్టు వేయించండి, డయల్ ముట్టుకోకండి. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీల తయారీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. అప్పటి నుంచి కొత్తగా అచ్చేసిన డయళ్లతో నకిలీ పైలట్లు లెక్కలేనన్ని వచ్చాయి. మీ ఇంట్లో ఉన్నది అసలుది, దాని మీది మచ్చలతో సహా ఉంచండి. ముందు సర్వీస్ చేయించి పాత నూనె తీయించండి. బెల్టుకు వాచీ చెవుల మధ్య, అంటే బెల్టు తగిలించే కొమ్ముల మధ్య, వెడల్పు స్కేలుతో కొలిచి చెప్పండి, అందాజాగా వద్దు. రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందం చాలు. సన్నటి పాత వాచీకి నాలుగు మిల్లీమీటర్ల దుంగ బెల్టు వేస్తే వాచీ కనిపించదు.

ప్రశ్న: ఆటోమేటిక్ వాచీ ఉన్నట్టుండి రోజుకు పది నిమిషాలు ముందుకెళుతోంది. పాడైందా?
– ఒక పాఠకుడు, డాలస్

టెన్షన్ పడకండి, చాలావరకు అయస్కాంతం పట్టి ఉంటుంది. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి స్ప్రింగు, హెయిర్‌స్ప్రింగ్ అంటారు, దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుని పొట్టిదైనట్టు ప్రవర్తిస్తుంది, అందుకే వేగం. ఫోన్‌లో దిక్సూచి తెరిచి వాచీ దగ్గర పెట్టండి, ముల్లు కదిలితే అదే కారణం. ఏ రిపేరరైనా డీమాగ్నటైజర్ మీద నిమిషంలో తీసేస్తాడు. తీయించాక కూడా తేడా పోకపోతే అప్పుడు విప్పించాలి. ఇకమీదట రాత్రిళ్లు స్పీకర్ మీద, ట్యాబ్ కవర్ మీద పెట్టకండి.