ఆరు కోర్సులూ మంగళ, గురువారాల్లోనే పెట్టేసుకోవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. వచ్చే సెమిస్టర్‌కు కాల్క్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్, ఎకనామిక్స్, రైటింగ్, సైకాలజీ, మొత్తం ఆరు కోర్సులు తీసుకోవాలనుకుంటున్నారు. ఫిజిక్స్‌కూ ప్రోగ్రామింగ్‌కూ ల్యాబులున్నాయి. క్లాసులన్నీ మంగళ, గురువారాల్లోకి సర్దేస్తే మిగతా అయిదు రోజులూ చదువుకు, పార్ట్‌టైమ్ ఉద్యోగానికి మిగులుతాయని మీ లెక్క.

సిస్టమ్ ఒప్పుకుంటుందేమో గానీ, నేనైతే వద్దంటాను. నేను అయిదు కోర్సుల్ని వారంలో నాలుగు రోజులకు పరిచి చదువుకున్నాను. అదే సెమిస్టర్‌లో నా రూమ్మేట్ సరిగ్గా మీరు చెప్పిన పద్ధతిలో రెండు రోజుల టైమ్‌టేబుల్ పెట్టుకుంది. రెండు టైమ్‌టేబుళ్లూ ఒకే గదిలో పక్కపక్కనే నడిచాయి కాబట్టి తేడా బాగా తెలిసింది.

తన మంగళవారం పొద్దున తొమ్మిదికి మొదలై సాయంత్రం అయిదు దాటాక గానీ అయ్యేది కాదు. నోట్‌బుక్ చూస్తేనే రోజు ఎలా గడిచిందో తెలిసిపోయేది. మొదటి రెండు క్లాసుల నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో, బొమ్మలతో ఉండేది. మూడో క్లాసుకు తేదీ, హెడింగ్ వరకు బాగుండి, కింద సగంలో ఆగిపోయిన వాక్యాలు. నాలుగోది మా ఇద్దరికీ ఉన్న కోర్సే, దాని నోట్సు మాత్రం ఎక్కువగా నాదే. తను చురుకైన మనిషి, బద్ధకం అసలు లేదు. అన్ని గంటలు వరసగా విన్నాక ఎవరి బుర్రైనా అంతే.

మరి ఖాళీ రోజులు? అక్కడే అసలు సంగతి. చాలామంది లెక్చరర్లు అసైన్‌మెంట్‌కు గడువు తర్వాతి క్లాసు నాటికి పెడతారు. క్లాసులన్నీ మంగళవారమే ఉంటే గడువులన్నీ మంగళవారమే. సోమవారం రాత్రి మూడు నాలుగు సబ్మిషన్లు ఒకేసారి మీద పడేవి, పాపం తెల్లవార్లూ కూర్చునేది. నిద్ర లేకుండానే మళ్లీ ఆ పొడుగాటి మంగళవారం. ఒకసారి జ్వరం వచ్చి ఒక్క రోజు వెళ్లలేకపోతే, ప్రతి సబ్జెక్టులోనూ ఆ వారం పాఠాల్లో సగం పోయాయి. అదే నాకైతే రెండు క్లాసులు పోయేవి, అంతే.

పైగా మీ విషయంలో మామూలు కూడికే కుదరడం లేదు. వారానికి రెండుసార్లు జరిగే క్లాసు సాధారణంగా 75 నిమిషాలు ఉంటుంది. ఆరు క్లాసులంటే రోజుకు ఏడున్నర గంటలు. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లే టైమ్, తిండి కలిపితే తొమ్మిదికి మొదలుపెట్టినా ఆరు అవుతుంది. ల్యాబులు రెండూ ఇంకెప్పుడు? రాత్రి పూటైనా వెళ్లాలి, బుధవారానికైనా జరపాలి. అలా జరిపితే రెండు రోజుల ప్లాన్ అక్కడితో సరి.

అందుకే టైమ్‌టేబుల్ వేసేటప్పుడు క్లాసు గంటల్ని కాదు, క్లాసు అయ్యాక చేయాల్సిన పని గంటల్ని ముందు లెక్కేయండి. అమెరికాలో ఫెడరల్ నిబంధన ప్రకారం ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల సెమిస్టర్‌లో వారానికి ఒక గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల పని. యూరప్ దేశాల ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్‌కు మొత్తం 25 నుంచి 30 గంటల పని, ఏడాదికి 60 క్రెడిట్లు. మన దేశంలో యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ లెక్కలో వారానికి ఒక గంట లెక్చర్‌కు ఒక క్రెడిట్, ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. చివరిది గమనించారా? ల్యాబుకు క్రెడిట్ తక్కువ, కూర్చునే టైమ్ ఎక్కువ. రికార్డు రాసే పని దానికి అదనం.

మొదటిదాన్నే, అంటే అమెరికా లెక్కనే మీకు వేద్దాం. ల్యాబున్న రెండూ నాలుగేసి క్రెడిట్లు, మిగతా నాలుగూ మూడేసి అనుకుంటే 20 క్రెడిట్లు. క్రెడిట్‌కు మూడు గంటల చొప్పున వారానికి 60 గంటలు. ఉద్యోగం 15 గంటలైతే 75. ఇందులో బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం ఇంకా చేరలేదు. అలాగని మరీ తగ్గించేసుకున్నా ఇబ్బందే. అమెరికా కాలేజీల్లో ఫుల్‌టైమ్ అనిపించుకోవడానికి 12 క్రెడిట్లు చాలు, కానీ డిగ్రీకి సాధారణంగా 120 కావాలి. ఎనిమిది సెమిస్టర్లూ పన్నెండేసి చొప్పున చదివితే 96 దగ్గర ఆగిపోతారు.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదానికి నేను వాడిన పద్ధతి ఒకటుంది. చివరి ఏడాది కోర్సుల నుంచి వెనక్కి గీతలు గీసుకుంటూ వచ్చాను. ఈ కోర్సు తీసుకోవాలంటే ముందు ఏది పాసవ్వాలి, దానికి ముందు ఏది, అలాగ. దేని వెనక ఎక్కువ కోర్సులు క్యూలో నిలబడి ఉన్నాయో దాన్ని వాయిదా వేయకూడదు. కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే చెబుతారు. అలాంటిది ఒకటి జారిపోతే దాని వెనక ఉన్నవన్నీ ఏడాది జరుగుతాయి. మీ జాబితాలో కాల్క్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ వెనక అలాంటి క్యూ ఉన్నవే. సైకాలజీ మీకు ఎలెక్టివ్, అంటే మీ ఇష్టం మీద ఎంచుకునేది, దానికోసం ఏ కోర్సూ ఎదురుచూడటం లేదు. తర్వాత హాయిగా చదువుకోవచ్చు.

కోర్సు పేరు చూసి బరువు అంచనా వేయకండి. పాత సిలబస్ సంపాదించి మార్కులు దేనికెన్ని ఇస్తున్నారో చూడండి. వారం వారం ప్రాబ్లం సెట్లున్న కోర్సు ఒక రకంగా అలసట తెస్తుంది, రెండు పెద్ద వ్యాసాలతో అయిపోయేది ఇంకో రకంగా. ఒకే రకంవి నాలుగు నెత్తిన పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. ఆ లెక్కన రైటింగ్ కోర్సు ఉంచుకోవడం మంచిదే.

క్లాసుకూ క్లాసుకూ మధ్య గంట ఖాళీ వస్తే టైమ్ వేస్ట్ అనుకుంటారు చాలామంది. నా టైమ్‌టేబుల్లో నాకు బాగా పనికొచ్చినది అదే. కాల్క్యులస్ అయిన వెంటనే లైబ్రరీలో కూర్చుని, బోర్డు మీద చేసిన లెక్కనే నోట్సు మూసి మళ్లీ చేసేదాన్ని. ఎక్కడ ఆగిపోతానో అప్పుడే తెలిసేది, సాయంత్రం లెక్చరర్ సందేహాలు తీర్చే ఆఫీస్ అవర్స్‌లో అదొక్కటే అడిగి వచ్చేసేదాన్ని. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే ప్రచురించాడు. రోజంతా వరసగా క్లాసులుంటే ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది?

పొద్దున ఎనిమిది గంటల క్లాసు గురించి కూడా అడిగారు. ఇప్పుడు మీరు ఎన్నింటికి నిద్రపోతున్నారో దాన్ని బట్టి తేల్చుకోండి. సెమిస్టర్ మొదలయ్యాక మారిపోతాంలే అనుకుని పెట్టుకోకండి.

నేనైతే మీ వారాన్ని ఇలా వేస్తాను. సైకాలజీ తీసేస్తే 17 క్రెడిట్లు, 51 గంటలు. ఉద్యోగం పది గంటలు దాటేటట్టుంటే ఎకనామిక్స్ కూడా ఆపుతాను, అప్పుడు 14 క్రెడిట్లు, 42 గంటలు. ల్యాబులు రెండూ వేర్వేరు రోజుల్లో, మధ్యాహ్నం పూట. క్లాసులు నాలుగు రోజులకు పరిచి శుక్రవారం ఉద్యోగానికి వదిలేస్తాను. నిజంగా రెండు రోజులు మాత్రమే కాలేజీకి రాగలిగే పరిస్థితి ఉంటే, అంటే ఇల్లు బాగా దూరమో, మిగతా రోజులు ఫుల్ షిఫ్టో అయితే అది వేరే సంగతి. అప్పుడు కోర్సులు మూడు, మహా అయితే నాలుగు, అవీ ల్యాబు లేనివి చూసుకోండి.

ఖాయం చేసే ముందు ఫైనల్ పరీక్షల తేదీలు చూడండి. చాలా యూనివర్సిటీల్లో క్లాసు జరిగే వేళను బట్టే పరీక్ష వేళ పెడతారు, ఒకే రోజు మూడు పడితే మీకే కష్టం. కోర్సులు మార్చుకునే గడువు, మార్కుల మీద ప్రభావం లేకుండా మానేసే గడువు వేరువేరుగా ఉంటాయి, రెండూ క్యాలెండర్‌లో రాసుకోండి. కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే అడ్వైజర్ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్తే మామూలు సలహాలే వస్తాయి. టైమ్‌టేబుల్ వేసుకుని తీసుకెళ్లి, ఫలానా కోర్సు ఇప్పుడు వదిలేస్తే మళ్లీ ఎప్పుడు వస్తుందని అడగండి.

రిజిస్ట్రేషన్ తెరిచిన నిమిషంలో ముందు ల్యాబు సెక్షన్లు పట్టుకోండి. వాటిలో సీట్లు తక్కువ, మంచి వేళలున్నవి ముందే నిండిపోతాయి. ఎకనామిక్స్ లాంటి పెద్ద హాలు క్లాసులో సీటు మొదటి వారంలో ఎవరో ఒకరు మానేసినా దొరుకుతుంది.