సంతకం పెట్టారు, వాడమంటే వద్దంటున్నారు

ప్రశ్న: కొనుగోలు బిల్లుల ఆమోదానికి ఒక అప్లికేషన్ తయారుచేశాం. ఫైనాన్స్ మేనేజర్ చెప్పినవన్నీ రాసుకుని సంతకం కూడా తీసుకున్నాం. తీరా టెస్టింగ్‌కి ఇస్తే, రోజూ బిల్లులు ఎక్కించేవాళ్లు ‘దీంతో మా పని సాగదు, ఎక్సెల్ డౌన్‌లోడ్ పెట్టండి’ అంటున్నారు. ఆ బటన్ పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు: బటన్ పెట్టడం తేలికే. కానీ ఎక్సెల్ అడిగారంటే, మీ స్క్రీన్ మీద కుదరని పనేదో అక్కడ చేసుకుంటున్నారన్నమాట. ‘ఎక్సెల్ ఎందుకు?’ అంటే ‘అలవాటండీ’ అంటారు, అంతకుమించి ఏమీ తేలదు. ‘నిన్న చివరగా చూసిన బిల్లు మళ్లీ ఓసారి చేసి చూపించండి’ అనండి. పక్కన కూర్చుని చూడండి, మధ్యలో సాయం చేయకండి.

ఇలాంటి చోట ఎక్కువగా బయటపడేది ఇదీ: బిల్లు, పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రసీదు, ఈ మూడింటినీ వాళ్లు పక్కపక్కన పెట్టుకుని సరిచూస్తారు. ఆర్డర్ 100, వచ్చినవి 60, బిల్లు మాత్రం 100కి. మీ అప్లికేషన్‌లో ఆ మూడూ మూడు స్క్రీన్లలో ఉంటే వాళ్లకి ఎక్సెలే గతి. మేనేజర్‌కి ఈ తంటా తెలియకపోవచ్చు, ఆయన దగ్గరికి వచ్చేవి తేడాలు తేలిపోయిన బిల్లులే కదా.

‘బిల్లు అందిన 5 రోజుల్లో ఆమోదం తేలాలి’ అన్నది మేనేజర్ వైపు నుంచి వచ్చే బిజినెస్ రిక్వైర్‌మెంట్, అంటే సంస్థ లక్ష్యం. ‘మూడు పత్రాలనూ ఒకేచోట చూసి, తేడా ఉన్న వరుసను గుర్తుపట్టగలగాలి’ అన్నది యూజర్ రిక్వైర్‌మెంట్, అంటే రోజూ వాడేవాళ్ల అవసరం. వీటికి విడివిడిగా నంబర్లు వేసి, ఏది దేనికోసమో పక్కనే రాయండి. ఏ లక్ష్యానికీ ముడిపడని కోరిక ఉంటే ఎందుకడిగారో కనుక్కోండి. కిందకి ఒక్క యూజర్ రిక్వైర్‌మెంట్ కూడా లేని లక్ష్యం కనబడితే, మీరు కలవాల్సిన మనిషి ఇంకొకరు మిగిలారని అర్థం.

సంతకం సంగతంటారా, లావుపాటి డాక్యుమెంట్‌ను పూర్తిగా చదివి సంతకం పెట్టేవాళ్లు అరుదు. స్క్రీన్‌ను కాగితం మీద గీసి, ఆ 60 వచ్చిన బిల్లును దాని మీద వాళ్లచేతే నడిపించండి. ఆగిన ప్రతిచోటా ఒక రిక్వైర్‌మెంట్ దొరుకుతుంది.

ప్రశ్న: ‘సిస్టమ్ వేగంగా ఉండాలి’ అని క్లయింట్ రాశారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ వాక్యాన్ని టెస్టర్ పాస్ చేయలేరు, ఫెయిల్ చేయలేరు. ‘200 మంది ఒకేసారి వాడుతున్నప్పుడు, బిల్లుల వెతుకులాటల్లో 95 శాతం వాటికి 2 సెకన్లలోపు ఫలితం చూపాలి’ అని, అంకెలు క్లయింట్‌తోనే తేల్చుకుని రాయండి. సగటు రాయకండి. సగటు 2 సెకన్లే ఉన్నా కొందరు 20 సెకన్లు ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఎంత డేటా మీద కొలుస్తారో కూడా అందులోనే చేర్చండి. ఖాళీ డేటాబేస్ మీద ఏ సాఫ్ట్‌వేరైనా పరుగెడుతుంది.